తెల్ల టీ గదిలో రోలింగు మేస్త్రి

మా ఆయన చేతులు ఊరుకునేవి కావు. ఆయన గురించి ఎవరేం అడిగినా నేను ముందు చెప్పే మాట ఇదే. బస్సులో టికెట్టు చేతికిస్తే దిగేలోపు దాన్ని నులిమి నులిమి అగ్గిపుల్ల చేసేవాడు. చెకింగుకి వచ్చినవాడు "టికెట్టేదయ్యా" అంటే ఆ పుల్ల చూపించేవాడు. వాడు దాన్నీ, ఈయన్నీ, పక్కనున్న నన్నూ మార్చి మార్చి చూసేవాడు. నేనేమో కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈయనెవరో నాకు తెలీనట్టు కూర్చునేదాన్ని. కొత్తిమీర కట్ట తెమ్మని పంపితే ఇంటికొచ్చేసరికి సగం పచ్చడైపోయేది. నా చీరలన్నిటికీ కొంగు చివర పీచులే. పిల్ల పుట్టాక దాని చెవి తమ్మెలు దొరికాయి. "ఏమయ్యా, అది పిల్లా, పిండిముద్దా?" అని కసిరితే ఉలిక్కిపడి చెయ్యి తీసేవాడు. కాసేపటికి మళ్ళీ మామూలే.

ఆయన తప్పు కాదులెండి. మీసాలు సరిగ్గా మొలవని వయసులో టీ ఫ్యాక్టరీలో చేరాడు. వేసింది రోలింగు గదిలో. వాడిన ఆకుని పెద్ద ఇత్తడి బల్ల మీద పోసి, పైనుంచి నొక్కిపెట్టి మిషను తిప్పితే ఆకు నలిగి, మెలిపడి, రసం కక్కుతుంది. ఆ రసానికి గాలి తగిలి ఆకు ఎర్రబడుతుంది. ఎండబెడితే నల్లబడుతుంది. మీరూ నేనూ పాలు పోసుకుని తాగే టీ అదే. ఆ నలగడం ఎంతవరకూ, ఎప్పుడు ఆపాలి, అది చెప్పడం మా ఆయన పని. గుప్పెడు ఆకు తీసి గట్టిగా పిసికి, పిడికిలి విప్పి, ముద్ద విచ్చుకునే తీరు చూసి "ఆపు" అనేవాడు, లేదా "ఇంకో చుట్టు" అనేవాడు. అందరూ రోలింగు మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగేవాడు కాదు.

పెళ్ళైన కొత్తలో ఆ చేతులు చూసి హడిలిపోయాను. అరచేతులు ముదురు గోధుమరంగు. గోళ్ళ చుట్టూ నల్లటి గీతలు. ఎంత తోమినా, ఏ సబ్బు పెట్టినా వదలదు. టీ రసం అది, చర్మంలోకి దిగిపోయింది. "ఈ చేతుల్తో నా మొహం ముట్టుకోకు" అన్నాను మొదటి రోజే. కొన్నాళ్ళు పోయాక, ఆయన డ్యూటీ మారి ఇంటికి ఆలస్యంగా వస్తుంటే, ఆ చేతుల వాసన లేక నిద్ర పట్టేది కాదు నాకు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చునేవాడు.

తర్వాత ఫ్యాక్టరీలో కటింగు మిషన్లు దిగాయి. ఆకుని ఇటు పోస్తే అటు గింజల్లా రాలుతుంది, నలపడానికి మేస్త్రి అక్కర్లేదు. ఇత్తడి బల్లలు విప్పి పాత సామాన్ల లారీకి ఎక్కించారు. మా ఆయన్ని దండ వేసి ఇంటికి పంపారు. ఆ దండలో పువ్వులన్నీ దారిలోనే నలిగిపోయాయని వేరే చెప్పాలా?

ఇంట్లో మగవాడు ఊరికే కూర్చుంటే ఆడదానికి పని రెండింతలు. పొద్దున లేచి స్నానం చేసి, ఫ్యాక్టరీకి వెళ్ళేవాడిలాగే తయారై, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. న్యూసుపేపరు చదవడు, ముక్కలు చింపి ఉండలు చేస్తాడు. నేను ఊడుస్తాను. మళ్ళీ చేస్తాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. నాకు భయం పట్టుకుంది. నా భయమంతా తిట్ల రూపంలోనే బయటికొస్తుంది, నా స్వభావం అంతే.

మాకు ఒక్కతే కూతురు. పైన కొండ మీద ఎవరిదో తోటలో పనికి కుదిరి, అక్కడ తెల్ల టీ చెయ్యడం నేర్చుకుంది. నేర్చుకుని తిరిగొచ్చి, మా వీధి చివర గోడౌను మీది పొడుగాటి గది అద్దెకి తీసుకుంది. గదికి రెండు వైపులా కిటికీలు, ఎప్పుడూ గాలాడుతూ ఉంటుంది. పైకి నిటారుగా చెక్క మెట్లు, ఎక్కేటప్పుడు కుడివైపు మాత్రమే పట్టుకోవడానికి కమ్మీ. గదినిండా వెదురు పళ్ళేలు అమర్చుకుని, అన్నం తినేటప్పుడు తండ్రికి చెప్పింది, ఇలా తెల్ల టీ చేస్తున్నాను నాన్నా అని.

"రోలింగు ఎవరు చేస్తారు?" మా ఆయన ముఖం వెలిగింది.

"రోలింగు ఉండదు నాన్నా."

"నలపవా?"

"నలపను."

"మరి వేయిస్తావా?"

"వేయించను. పళ్ళేల్లో పల్చగా పరిచి వదిలేస్తాను. గాలికి అదే వాడుతుంది. వాడాక సన్నటి వేడి మీద మిగిలిన తడి లాగేస్తాను. అంతే."

"అంతేనా? అయితే నువ్వెందుకు? ఆ గాలికే జీతం ఇవ్వు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత మా ఆయన వేసిన జోకు అది.

మర్నాడు మా అమ్మాయి మూడు చిన్న డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిదాంట్లో ఉత్త మొగ్గలు. చలి తగ్గుముఖం పట్టాక చెట్టు మొట్టమొదట వేసే మొగ్గలు, ఒక్కొక్కటీ సన్నగా, పసిపిల్ల చెవి మీద ఉంటుందే, అలాంటి తెల్లటి నూగుతో. మేం సూదులు అనేవాళ్ళం, కొట్లో వెండి సూదులు అని అమ్ముతారు. రెండోదాంట్లో మొగ్గా దాని కింది రెండు లేతాకులూ కలిపి కోసినవి. దానికి కొట్లో ఏదో పువ్వు పేరుంది, మాకు మాత్రం మొగ్గారెండాకులు. మూడోది ముదురాకు. కోతలు అయ్యాక చివర్లో తీసేది, పెద్ద పెద్ద ఆకులు, ఎండి రాలిన చెత్తలా ఉంటుంది చూడ్డానికి. ఆ ముదురాకునే ఆవిరి పట్టి బిళ్ళలుగా నొక్కి ఏళ్ళ తరబడి దాచేవాళ్ళూ ఉన్నారట.

మా ఆయన సూదుల డబ్బాలోకి తొంగిచూసి, "బూజు పట్టిందే తల్లీ" అన్నాడు.

"బూజు కాదు నాన్నా, నూగు. అది చెదరకూడదు. అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వను."

ఆయన చెయ్యి అప్పటికే డబ్బాలో ఉంది. నేను మణికట్టు మీద ఒక్కటి వేశాను.

అయినా వదల్లేదు మనిషి. "నన్నూ రానీ తల్లీ. ఊడుస్తాను, కిటికీలు తీస్తాను, పళ్ళేలు మోస్తాను" అని దాని వెంటపడ్డాడు. ఆయనకి కావలసింది కూతురు పనిచేసే గదిలో ఒక మూల చోటు, అంతే. ఆకు వాసన తగిలే చోట, ఏదో ఒక పని. మా అమ్మాయి నావైపు చూసింది. నేను తలూపాను. నేనైనా ఆ కుర్చీలో ఆయన్ని ఎన్నాళ్ళని చూడను?

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, తెల్లారకుండానే మెట్ల దగ్గర నిలబడేవాడు. కొన్నాళ్ళు బాగానే గడిచింది. మొదటి కోత సూదులు వచ్చాయి. పట్నంలో రకరకాల టీలు అమ్మే కొట్టావిడ ఒకావిడ ఉంది, ఆ మొదటి కోత తనకే కావాలని ముందే చెప్పి ఉంచింది. మా అమ్మాయి పళ్ళేల్లో పరిచింది, కిటికీలు సర్దింది, గాలి ఎలా తిరుగుతోందో చూసుకుంది. మధ్యాహ్నం కింద ఇంకో బస్తా దిగుతోందంటే, "నాన్నా, ఇప్పుడే వస్తాను" అని కిందికెళ్ళింది.

ఏం జరిగిందో ఆయనే తర్వాత నాకు చెప్పాడు. వాడుతున్న ఆకు వాసన కమ్మగా ముక్కుకి కొట్టిందట. రోలింగు గదిలో పొద్దున్నే వచ్చే వాసన. చెయ్యి దానంతటదే వెళ్ళింది. గుప్పెడు తీసి పిసికాడు, విప్పి చూశాడు. అలవాటు. పక్క పళ్ళెంలో ఎలా ఉందో అని అక్కడా పిసికాడు. అలా ఒక చివర్నుంచి ఇంకో చివరికి, ప్రతి పళ్ళెంలోనూ చెయ్యి పెట్టుకుంటూ పోయాడు, ఫ్యాక్టరీలో బల్ల బల్లకీ తిరిగినట్టు. చివరి పళ్ళెం దగ్గరికొచ్చేసరికి ఆకు మంచి పదునులో ఉందనిపించి, ఒట్టి చేతుల్తోనే మొత్తం నలిపి, చక్కగా మెలిపెట్టి పెట్టాడు. పిల్ల వచ్చి చూసి సంతోషిస్తుందని. అయ్యో దేవుడా! సంతోషిస్తుందనుకున్నాడు!

మా అమ్మాయి పైకి వచ్చేసరికి మొగ్గల అంచులు ఎర్రబడటం మొదలైంది. నూగు ఊడి ఆయన అరచేతులకి అంటుకుంది. అది అరవలేదు. అరిచినా బాగుండేది. పళ్ళేలన్నీ ఒక్కొక్కటే చూసి, కళ్ళు తుడుచుకుని, "నాన్నా, నువ్వింక పైకి రావద్దు" అంది.

ఆయన అరచేతులు రెండూ ముందుకి చాపుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు మెట్లు దిగి ఇంటికొచ్చాడు. చేతులు కడుక్కోమంటే కడుక్కోడు. కుర్చీలో కూర్చుని, "నాకు మాత్రం తెలీదా వద్దని? నే వద్దన్నా అవి వింటేగా" అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆయనకి పుట్టుకతో రాలేదు, ఫ్యాక్టరీలో వచ్చింది. అయితేనేం, పోదు కదా. నేను ఆ రోజు తిట్టలేదు. తిట్టకుండా ఉన్నానంటే ఎంత జాలిపడ్డానో అర్థం చేసుకోండి.

కొన్నాళ్ళు చూశాను. మళ్ళీ పేపరు ఉండలు, మళ్ళీ చీపురు. ఇలా కాదని మా అమ్మాయిని అడిగి మూడు రకాలూ తలా కాస్త తెచ్చుకున్నాను. "ఏమయ్యా, లే. ఇవాళ్టి నుంచి టీ నువ్వే పెట్టాలి" అన్నాను.

"ఆ నీళ్ళ టీయా? గిన్నె కడిగిన నీళ్ళు ఇంకాస్త చిక్కగా ఉంటాయి."

"గిన్నె కడగడం కూడా నువ్వే."

ముదురాకుతో మొదలుపెట్టాం. అది మంచి మనసున్న ఆకు, ఎవరేం చేసినా భరిస్తుంది. కుతకుతలాడే నీళ్ళు పోసినా ఏమీ అనదు. చిక్కటి తేనెరంగు దిగుతుంది. ఈయన నీళ్ళు పోశాడో లేదో, చెంచా పెట్టి తిప్పడం, ఆకుని గిన్నె గోడకేసి నొక్కడం, రసం రావాలని. గరిటె నా చేతిలోనే ఉంది. వేళ్ళ మీద పడింది. "తిప్పకు. నొక్కకు. కూర్చో."

"ఎంతసేపూ?"

"అది దిగేదాకా."

"ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"ఆ పెద్దలు ఈ టీ తాగలేదు. కూర్చో అన్నానా!"

చేతులు ఖాళీగా ఉంటే ఆయన కూర్చోలేడని నాకు తెలుసు. అందుకని పిడి లేని కప్పు ఇచ్చాను. వేడి కప్పుని రెండు చేతుల్తోనూ పట్టుకోవాలి, వదిలితే ఒలుకుతుంది, నులమడానికి వేళ్ళు మిగలవు. ఈ ఉపాయం నాకెలా తట్టిందో గానీ, ఇప్పటికీ తల్చుకుని నన్ను నేనే మెచ్చుకుంటాను. ఎవరో ఒకరు మెచ్చుకోవాలిగా.

ముదురాకు దారికొచ్చాక మొగ్గారెండాకులు. దానికి నీళ్ళు మరిగాక దించి, మూత తీసి, ఆవిరి హడావుడి తగ్గేదాకా ఆగాలి. తొందరపడి పోస్తే నాలుక మీద వగరు మిగులుతుంది. ఈయన పోసిన మొదటి కప్పులు తాగి నేను పెట్టిన మొహాలకి ఆయనే నవ్వాడు. తర్వాత్తర్వాత కుదిరింది. ఒకరోజు కప్పు దించి, "ఇందాక తాగేటప్పుడు ఏమీ లేదు. ఇప్పుడేదో వస్తోందే గొంతులోంచి, తియ్యగా" అన్నాడు. ఆయన ముఖంలో ఆ ఆశ్చర్యం చూడాలి మీరు, జేబులో మర్చిపోయిన నోటు దొరికినవాడిలా.

చివరికి సూదులు. వాటి దగ్గర నా గరిటె కూడా పనిచెయ్యలేదు, ఓపికే పనిచేసింది. మరిగిన నీళ్ళని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, అందులోంచి మరోదాంట్లోకి వంచాలి. గిన్నెని అరచేత్తో పట్టుకుంటే కాలాలి గానీ వదిలెయ్యాలనిపించకూడదు, అదీ పదును. ఆ నీళ్ళు కూడా మొగ్గల నెత్తిన గుమ్మరించకూడదు. పక్కనుంచి, గాజు గ్లాసు గోడ వెంబడి జారవిడవాలి. మొగ్గలు మొదట పైన తేల్తాయి. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక్కొక్కటీ తడిసి, బరువెక్కి, నిలువుగా కిందికి దిగుతుంది. టీ రంగు మారిందా లేదా అన్నంత లేతగా ఉంటుంది. ఆ ఆకుతోనే ఇంకా రెండు మూడుసార్లు పోసుకోవచ్చు, ప్రతిసారీ ఇంకాస్త ఆగి. మా ఆయన గ్లాసు ముందు గడ్డం కింద చేతులు పెట్టుకుని, మొగ్గలు దిగడం చూస్తూ కూర్చునేవాడు. నేను పక్కన కూర్చునేదాన్ని. కాపురం మొదలైనప్పటి నుంచీ మేమిద్దరం పనీపాటా లేకుండా పక్కపక్కన కూర్చున్నది ఆ మధ్యాహ్నాల్లోనే. ఇప్పుడు మళ్ళీ కావాలంటే ఎక్కడినుంచి తేను?

ఇదంతా మా అమ్మాయి గమనిస్తూనే ఉంది. పైకి ఏమీ అనలేదు, తండ్రి మొండితనమే దానికీ వచ్చింది. తర్వాతి వసంతంలో ఒకరోజు, అప్పుడే కోసిన సూదులు పళ్ళెంతో తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. "కాస్త పట్టుకో నాన్నా, పనుంది, వస్తాను" అని వెళ్ళిపోయింది. పనీ లేదు, పాడూ లేదు. తలుపు వెనకే నిలబడింది. నేనూ నిలబడ్డాను.

పళ్ళెం మోకాళ్ళ మీద ఉంది. ఆయన ముక్కు కదిలింది, వాసన తగిలినట్టుంది. కుడిచెయ్యి లేచింది. లేచిన చేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. రెండింటినీ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు! బడిలో మాస్టారు చూస్తున్నప్పుడు పిల్లలు కూర్చున్నట్టు, కళ్ళు మూసుకుని. మా అమ్మాయి బయటికొచ్చేసరికి ఆయన వేళ్ళు తిమ్మిరెక్కి పళ్ళెం ఎత్తి ఇవ్వలేకపోయాడు. ఒక్క మొగ్గ చెదరలేదు. "రేపు పొద్దున కిటికీలు నువ్వే తియ్యాలి నాన్నా" అంది అది. ఆయన నావైపు తిరిగి, "విన్నావా? కిటికీలు నేనేనట" అన్నాడు. ఏదో రాజ్యం ఇచ్చినట్టు!

అప్పటినుంచి ఆ గది ఆయనదే. చేతులు వెనక్కి కట్టుకుని పళ్ళేల మధ్య తిరిగేవాడు, వంగి వాసన చూసేవాడు. ఏ గాలికి ఏ కిటికీ మూయాలో, మబ్బు పట్టిన రోజు పళ్ళేలు ఎటు జరపాలో ఆయనకీ కూతురికీ మాటలు కూడా అక్కర్లేకపోయేవి. టీ కొనడానికి ఎవరొచ్చినా పోసి ఇచ్చేది ఈయనే. "పాలు ఉన్నాయా" అని అడిగిన పాపానికి ఒకాయన సాయంత్రం దాకా ఈయన ఉపన్యాసం విన్నాడు. నా కొంగులు మాత్రం అలాగే పీచులయ్యేవి. పైన ఊరుకున్నదానికంతా ఇంటికొచ్చి వడ్డీతో తీర్చుకునేవాడు. నేనూ కసిరేదాన్ని, కొంగు మాత్రం లాక్కునేదాన్ని కాదు.

ఆ రోజులు అలాగే ఉండిపోతాయనుకున్నాను, పిచ్చిదాన్ని. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. "తీసుకోవయ్యా" అన్నాను. కిందికి చూస్తున్నాడు గానీ వంగడం లేదు. మూతి ఒక పక్కకి లాగింది. ఆసుపత్రి, ఆ తిప్పలు అన్నీ అయ్యి ఇంటికొచ్చేసరికి కాలు కాస్త బలం కూడదీసుకుంది, మాట ముద్దగానైనా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఎక్కడ పెడితే అక్కడ ఉండేది. ఎప్పుడూ ఊరుకోని చెయ్యి ఒళ్ళో అలా పడి ఉంటే నాకు దాన్ని చూడ్డానికే భయమేసేది. పక్కనే కూర్చుని కొంగు తీసి ఆ వేళ్ళ మధ్య పెట్టేదాన్ని. జారిపోయేది. మళ్ళీ పెట్టేదాన్ని.

చేతికి వ్యాయామం చేయించే ఒకావిడ ఇంటికొచ్చేది. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమనేది. ఈయన బంతిని చూసేవాడు, గోడని చూసేవాడు. "మొదటి నెలల్లోనే వేళ్ళు కదలాలండీ, తర్వాత కష్టం. ఈయన అసలు ప్రయత్నమే చెయ్యడం లేదు" అని వంటింట్లోకొచ్చి మాతో మెల్లిగా చెప్పింది. చెయ్యి పట్టు రాకపోతే ఆ కమ్మీ పట్టుకోలేడు. కమ్మీ పట్టుకోలేకపోతే ఆ నిటారు మెట్లు ఎక్కలేడు. మళ్ళీ గుమ్మం పక్కన కుర్చీయే. ఆ సంగతి నాకూ తెలుసు, నా కూతురికీ తెలుసు, అందరికంటే ముందు ఆయనకి తెలుసు.

"కాస్త నొక్కు నాన్నా" అని మా అమ్మాయి బతిమాలుతుంటే ఒకరోజు ఆయన నవ్వాడు. ఆ వంకర మూతితో. "ఇక నన్ను భయం లేకుండా పైకి తీసుకెళ్ళొచ్చు తల్లీ. నీ ఆకు జోలికి రాను" అన్నాడు.

జోకే వేశాడు మనిషి. మా అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో నిలబడింది. నేను ఇవతల నిలబడి నా చెంగు నేనే నులుముకున్నాను.

కొద్దిరోజులకి వసంతం కోత మొదలైంది. మొదటి సూదులు దిగిన రోజు మా అమ్మాయి మెట్లు దిగి ఇంటికొచ్చింది, చేతిలో నిండు పళ్ళెం. తండ్రి కుర్చీ ముందు నేలమీద కూర్చుంది. ఆయన కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో గుప్పెడు మొగ్గలు పోసి, మళ్ళీ వేళ్ళు మూసింది.

"నలిపెయ్యి నాన్నా."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "సూదులే! పిచ్చి పట్టిందా నీకు?"

"నలిపెయ్యి."

"పాడైపోతాయి తల్లీ."

"పాడైపోనీ. అన్నీ పాడుచెయ్యి. నేనేమీ అనను."

ఆయన నావైపు చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. ఎప్పుడూ మూతపడని నా నోటితో, "పిల్ల అంతగా అడుగుతోంది కదయ్యా" అన్నాను. అంతే అనగలిగాను.

ఆయన పిడికిలి కేసి చూస్తూ కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. వాడుతున్న మొగ్గల వాసన మా ముగ్గురి మధ్యా ఉంది. ఆయన ముక్కు కదిలింది. చాలాసేపటికి బొటనవేలు కదిలింది. కదిలిందా, నా భ్రమా అనుకునేంతలో మళ్ళీ కదిలింది, చూపుడువేలు దగ్గరికొచ్చి ఆనింది. మా అమ్మాయి పిడికిలి విప్పింది. అన్ని మొగ్గలూ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మధ్యకి మడతపడి, నూగు చెదిరి, చెమ్మగా అయింది. "అమ్మా, చూడు! నలిగింది! నలిపాడు!" అని అది ఇల్లు అదిరిపోయేలా అరిచింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ చేతిని పట్టుకుని, కూతురు చూస్తుండగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా ముద్దుపెట్టుకున్నాను.

మేస్త్రి మాత్రం ఆ మొగ్గని ఎగాదిగా చూసి మొహం చిట్లించాడు. "దీన్ని నలగడం అంటారా? ఇంకో గుప్పెడు పెట్టు" అన్నాడు.

రోజూ పొద్దునా సాయంత్రం గుప్పెడు తర్వాత గుప్పెడు. రబ్బరు బంతి మంచం కిందికి పోయింది. నలిగిన మొగ్గలు కిటికీ దగ్గర పేపరు మీద ఎండేవి, కొన్ని తెల్లగా, కొన్ని ఎర్రగా, కొన్ని సగం సగం. కాస్త పోగయ్యాక వాటితోనే టీ పెట్టాను. ఏ నీళ్ళు పోయాలో నాకూ తెలీలేదు, అది తెల్ల టీయా, నల్ల టీయా చెప్పలేం. రంగు బురదగా వచ్చింది. ఓ పక్క చప్పన, ఓ పక్క వగరు. ఆయన ఎడమచేత్తో కప్పు పట్టుకుని తాగి, "ఇలాంటి సరుకు ఫ్యాక్టరీలో చేసుంటే నన్ను దండ వెయ్యకుండానే పంపేసేవాళ్ళు" అన్నాడు. నేను జన్మలో అంత చెత్త టీ తాగలేదు. రెండోసారి పోసుకున్నాను. మా అమ్మాయీ పోసుకుంది.

అప్పుడే ఫోను మోగింది. పట్నం కొట్టావిడ. మొదటి కోత సూదులు ఎప్పుడు పంపుతున్నారని అడుగుతోంది.

"ఈసారి సూదులు లేవండీ" అంది మా అమ్మాయి. దాని గొంతు వినాల్సింది మీరు, కొడుకు పరీక్ష పాసయ్యాడని వీధిలో అందరికీ చెప్పుకునే తల్లి గొంతు. "అన్నీ మా నాన్న నలిపేస్తున్నాడు!"

అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. మా అమ్మాయి ఫోను పెట్టేసి, ఇంకో పళ్ళెం తేవడానికి గోడౌను మెట్ల వైపు పరిగెత్తింది.